గుడ్లగూబ పాసైంది

పక్షుల్ని ప్రేమించేవాళ్ళకి గుడ్డపక్షి కుట్టి ఇద్దామని మీకెప్పుడైనా అనిపిస్తే, ముందు వాళ్ళకి ఎన్ని పక్షుల పేర్లు తెలుసో కనుక్కోండి. కాకి, చిలక, పిచ్చుక దగ్గర ఆగిపోయే మనిషైతే భయం లేదు, రెండు రెక్కలూ ఒక ముక్కూ పెట్టి ఏం కుట్టిచ్చినా "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో" అని టీవీ పక్కన పెట్టుకుంటారు. అలా కాకుండా మెడలో బైనాక్యులర్స్ వేసుకుని, చెట్టు మీద ఏదో కదిలితే మాట మధ్యలో మనల్ని వదిలేసి వెళ్ళిపోయే రకమైతే మాత్రం, ఆ సూదీ దారం లోపల పెట్టేసి ఇంకేదైనా కొనిచ్చేయండి. వాళ్ళకి గుడ్డపక్షి ఇవ్వడమంటే సంగీతం మాష్టారి పుట్టినరోజుకి మనం పాడి వినిపించడమే.

మా బాబాయికి ఈ సంగతి ముందే చెప్పినవాళ్ళు లేరు. మా పిన్ని ఆ రెండో రకంలో కూడా ముదురు. బాల్కనీలో ఒక మట్టిపాత్రలో నీళ్ళు, ఒక పళ్ళెంలో గింజలు, పక్కనే ఒక నోటుబుక్కు. అక్కడినుంచి కనిపించిన ప్రతి పక్షీ తేదీతో సహా అందులోకి ఎక్కాల్సిందే. ఇంట్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో ఆవిడకి గుర్తుండదు గానీ, గోరింకలు గూడు కట్టింది ఎప్పుడో అడగండి, టక్కున చెబుతుంది. బాబాయేమో రిటైరయ్యేదాకా ఆఫీసు లెక్కల మధ్య బతికిన మనిషి. తీరిక దొరికాక ఒక చిలకని పెంచుదామని సరదాపడ్డాడు. "పంజరం ఆ గుమ్మంలోంచి లోపలికొస్తే నేను అదే గుమ్మంలోంచి బయటికి పోతాను" అంది పిన్ని. దాంతో గుడ్డతో పక్షులు కుట్టడంలోకి దిగాడు. పిన్నికి ఇష్టమైన పక్షులు, పంజరం గొడవ లేకుండా, ఇంటినిండా. వినడానికి బాగానే ఉంది కదా, మాకూ అలాగే అనిపించింది.

కుట్టడం చూస్తే ముచ్చటేసేది, చెప్పొద్దూ. కాగితం మీద గీసిన బొమ్మని కత్తిరించి, గుడ్డ మీద పెట్టి గీసుకుని, చుట్టూ కుట్టుకోసం 6 మిల్లీమీటర్లు వదలాలి. బాబాయి ఆ 6 మిల్లీమీటర్లనీ అడుగడుగునా స్కేలుతో కొలిచేవాడు. కుడివైపు ఒక ముక్క, ఎడమవైపు ఒక ముక్క, పొట్ట కింద ఆకు ఆకారంలో ఇంకో ముక్క. ఈ మూడోది లేకపోతే పక్షికి పొట్టే ఉండదు, అప్పడంగా వస్తుంది. మంచివైపులు లోపలికి పెట్టి కుట్టి, వంపులున్న చోట దారం తెగకుండా చిన్నచిన్న గాట్లు పెట్టి, పొట్ట దగ్గర వదిలేసిన 4 సెంటీమీటర్ల సందులోంచి మొత్తం పక్షిని బయటికి తిప్పాలి. అసలు నరకం అక్కడుంటుంది. తోక వస్తుంది, వీపు వస్తుంది, ముక్కు మాత్రం రాదు. లోపలే ముడుచుకుని భీష్మించుకు కూర్చుంటుంది. బాబాయి పెన్సిలు మొనతో దాన్ని పొడిచి, బుజ్జగించి, మళ్ళీ పొడిచి, ఇదిగో వచ్చేసింది అనుకునేసరికి టప్పున కుట్టు విడిపోయి పెన్సిలు బయటికొచ్చేది. ఒక పిట్టకైతే ఆ పెన్సిలు మొననే ముక్కుగా ఉంచేద్దామా అని సీరియస్‌గా ఆలోచించాడు. (మొనతో కాదు, పెన్సిలు వెనకవైపుతో నెట్టాలి. అసలు ముక్కుని ఫెల్ట్ గుడ్డతో విడిగా చేసి చివర్లో కుట్టేస్తే ఈ బాధే లేదు. కానీ పెద్దవాళ్ళకి చెప్పడానికి మనమెవరం.) ఇంకో పిట్టకి ఉత్సాహంలో గుడ్డ మడత పెట్టకుండా ఒకే కాగితంతో వరసగా రెండు ముక్కలు కత్తిరించేశాడు. రెండూ ఎడమవైపువే. కుడివైపు లేని ఆ పిట్టని ఏం చేయాలో ఎవరికీ తోచక, బీరువా కిందికి తోశాం.

మొత్తానికి ఒక పిచ్చుక తయారైంది. గుండ్రంగా, గోధుమరంగు పూలగుడ్డతో, నల్లపూసల కళ్ళతో నిజంగానే బాగుంది. పిన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు సరిచేసుకుని, "ఇది మగదా, ఆడదా అండీ?" అంది.

"పిచ్చుకే" అన్నాడు బాబాయి.

"పిచ్చుకే గానీ, మగదైతే గొంతు కింద నల్లటి మచ్చ ఉండాలిగా, నడినెత్తి బూడిదరంగులో ఉండాలి. ఆడదైతే కంటి వెనక లేతరంగు చార ఉండాలి. ఇదేంటి మరి?"

బాబాయి అరనిమిషం ఆలోచించి, "ఇంకా తేల్చుకోలేదు" అన్నాడు.

తర్వాత లకుముకి పిట్ట. దానికోసం నీలంరంగు గుడ్డ వెతకడానికి ఆయన పడ్డ పాట్లు ఇక్కడ రాస్తే వేరే వ్యాసం అవుతుంది. అంతా అయ్యాక పిన్ని తేల్చింది ఏమిటంటే, లకుముకి వీపు మీద మెరిసే ఆ నీలం అసలు రంగే కాదట, ఈకలోని సన్నటి నిర్మాణం వెలుతురుని చెదరగొడితే మన కంటికి అలా కనిపిస్తుందట, కాబట్టి ఏ అద్దకం గుడ్డతోనూ అది రాదట. అంటే ఏ షాపులోనూ లేని గుడ్డ కోసం ఈయన షాపులన్నీ తిరిగాడన్నమాట. ఆ మాట ముందే చెప్పొచ్చుగా అని నేనంటే, "ఆయన అడగలేదురా" అంది.

వడ్రంగి పిట్ట దగ్గరైతే ఏకంగా కాళ్ళ మీద పడింది, పిట్ట కాళ్ళ మీద. బాబాయి తీగని వంచి, దానికి టేపు చుట్టి, ముందుకి మూడు వేళ్ళు, వెనక్కి ఒకటి పెట్టాడు. పిచ్చుకకైతే అది సరే. వడ్రంగి పిట్టకీ చిలక్కీ ముందుకి రెండు, వెనక్కి రెండు. "ఇలా కాలుంటే అది చెట్టు ఎలా ఎక్కుతుందండీ?" అని అడిగింది పిన్ని. గుడ్డపిట్ట చెట్టెందుకు ఎక్కుతుందని ఆయన అడగలేదు. అప్పటికే ప్లైయర్స్ తెచ్చుకుని వేళ్ళు వెనక్కి వంచుతున్నాడు. పోనీ అంతటితో వదిలిందా అంటే, దర్జీ పిట్టని తెచ్చి మధ్యలో పెట్టింది. ఒళ్ళంతా కలిపి 13 సెంటీమీటర్లు ఉంటుందేమో ఆ పిట్ట. ముక్కుతో ఆకు అంచుకి చిల్లులు పెట్టి, వాటిలోంచి పీచూ సాలెగూటి దారమూ దూర్చి, రెండు అంచుల్నీ కలిపి కుట్టేసి, ఆ సంచిలో గూడు పెట్టుకుంటుంది. "దానికి స్కేలుందా, ప్యాటర్న్ పేపరుందా?" అని నిట్టూర్చింది పిన్ని. పైగా అది తన నోటుబుక్కులోకి ఇంతవరకూ ఎక్కలేదన్న బాధ ఒకటి. బాబాయి కుట్టుకి, ఆవిడ బాధకి సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు గానీ, ఆ రోజు అన్నం వడ్డించినంత సేపూ దర్జీ పిట్ట గురించే విన్నాం.

బాబాయి కూడా ఊరుకునే మనిషి కాదు. ఎక్కడ చదివాడో గానీ టిన్‌బర్గెన్ అనే శాస్త్రవేత్తని పట్టుకొచ్చాడు. 1973లో నోబెల్ పంచుకున్న పెద్దమనిషి. సముద్రపు గల్ పక్షుల పిల్లలు తల్లి ముక్కు మీదున్న ఎర్రచుక్కని పొడిచి తిండి అడుగుతాయి. ఈయన అట్టతో తల్లి తలకాయ చేసి చూపిస్తే దాన్నీ పొడిచాయి. చివరికి తల కూడా లేకుండా, మూడు తెల్లచారలున్న సన్నటి ఎర్రకర్ర చూపిస్తే, అచ్చం తల్లిలా ఉన్న బొమ్మ కంటే దాన్నే ఎక్కువ పొడిచాయట. "చూశావా? పోలిక ముఖ్యం కాదోయ్. అసలైన గుర్తు ఒకటి సరిగ్గా పడితే చాలు, పక్షులే ఒప్పుకుంటాయి" అన్నాడు బాబాయి, వడ్రంగి పిట్టని ఊపుతూ.

"అవి గుడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలండీ. నేను కాదు" అంది పిన్ని.

అప్పుడు పట్టుదల వచ్చింది ఆయనకి. ఈసారి గుడ్లగూబ, అది కూడా పిన్నిని అడిగి అడిగి కుట్టాడు. కళ్ళు పక్కలకి కాదు, ఎదురుగా ఉండాలంది, పసుపుపచ్చ ఫెల్ట్ చుట్టూ పెట్టి పెద్ద నల్ల గుండీలు కుట్టాడు. వేళ్ళు రెండు ముందుకి, రెండు వెనక్కి. రెక్క అంచులు మడిచి కుట్టడానికి బద్ధకించి వదిలేస్తే పోగులు లేచాయి, వాటిని చూసి పిన్ని మురిసిపోయింది. గుడ్లగూబ రెక్క వెనక అంచు నిజంగానే అలా కుచ్చులు కుచ్చులుగా ఉంటుందట, అందుకే అది ఎగిరితే చప్పుడు రాదట. ఆయన జీవితంలో బద్ధకానికి మార్కులు పడింది ఆ ఒక్కసారే. ఇక గుడ్లగూబ కనుగుడ్లు గూట్లో కదలవు, పక్కకి చూడాలంటే తలే తిప్పాలి, మనకి మెడలో 7 ఎముకలుంటే దానికి 14, 270 డిగ్రీల దాకా తిప్పేస్తుంది అని పిన్ని చెప్పేసరికి, బాబాయి తలని మొండేనికి కుట్టేయకుండా లోపలా బయటా రెండు గుండీలు పెట్టి, గట్టి దారంతో బిగించి, తల తిరిగేలా చేశాడు. వేలితో ఇలా తాకితే చాలు, మెల్లిగా పక్కకి తిరిగి చూస్తుంది. రాత్రిపూట హాల్లో దాన్ని చూసి నేనే ఒకసారి లైటు వేసుకున్నాను.

పిన్ని ముందూ వెనకా చూసింది. కాళ్ళు చూసింది. తల తిప్పి చూసింది. "ఇది గుడ్లగూబే" అంది.

ఆ మాటకి బాబాయి ఛాతీ ఎంత పొంగిందంటే, పొద్దున్నే దాన్ని తీసుకెళ్ళి బాల్కనీ రెయిలింగుకి, గాలికి పడిపోకుండా కాళ్ళ తీగలు మెలేసి మరీ కట్టాడు.

ముందు ఒక కాకి వచ్చింది. ఎదురు గోడ మీద వాలి, తల అటు వాల్చి చూసింది, ఇటు వాల్చి చూసింది. సరిగ్గా అప్పుడే గాలి వీచింది, గుడ్లగూబ మెల్లిగా తల తిప్పి కాకి వంక చూసింది. ఇక ఆ కాకి ఎత్తిన గొంతుకి, టీ కప్పు పట్టుకున్న నా చెయ్యి అదిరింది. కాసేపట్లో ఎక్కడెక్కడి కాకులూ దిగాయి. వాటి వెనక గోరింకలు, పిగిలిపిట్టలు, పిన్ని గింజలు తిని పెరిగిన పిచ్చుకలు కూడా. పగటిపూట గుడ్లగూబ కంటపడితే చుట్టుపక్కల పక్షులన్నీ పోగై, చెవులు చిల్లులు పడేలా అరిచి, మీద మీదకి దూకి, అది లేచిపోయేదాకా వదలవు. రాత్రి తమని తినడానికి వచ్చేది ఇదేనని వాటికి తెలుసు. అసలు గుడ్లగూబైతే విసుగెత్తి ఎగిరిపోయేది. ఇదెక్కడికి పోతుంది, కాళ్ళకి మూడు మెలికల తీగ! ఒక కాకి వెనకనుంచి వచ్చి నెత్తి మీద ఒకటిచ్చింది. ఆ దెబ్బకి తల గిర్రున తిరిగి సరిగ్గా కొట్టిన కాకి వైపే ఆగింది. బాబాయి పనితనం అంత గొప్పది. అరుపులు రెట్టింపయ్యాయి. నీళ్ళపాత్ర బోర్లాపడింది, గింజలు గాల్లోకి లేచాయి, పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకున్నారు.

"తీసెయ్యండి, ముందు దాన్ని తీసెయ్యండి! నా పిచ్చుకలు మళ్ళీ ఈ గడప తొక్కవు" అని పిన్ని లోపలినుంచి అరుపు. అరుస్తూనే నోటుబుక్కులో ఏవేవి వచ్చాయో రాసుకుంటోంది, అది వేరే సంగతి.

బాబాయి బయటికెళ్ళి, నెత్తి మీద కాకులు తిరుగుతుండగా ఆ మూడు మెలికలూ విప్పి, గుడ్లగూబని గుండెలకి హత్తుకుని లోపలికి తెచ్చాడు. గుడ్లగూబ కథ అంతటితో అయిపోయింది. బాబాయిదే అవలేదు.

సాయంత్రం వాకింగ్‌కి గేటు దాటాడో లేదో, స్తంభం మీద కాకి ఒకటి ఆయన్ని చూసి మొదలుపెట్టింది. వీధి చివరికి వెళ్ళేసరికి ఒక దండు. పక్కన నడుస్తున్న నన్ను ఒక్కటీ పట్టించుకోలేదు. ఇంటికొచ్చి చెబితే పిన్ని ఓదారుస్తుందనుకున్నాం. ఆవిడ కళ్ళు మెరిశాయి. 2006లో అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆదిమానవుడి మాస్కులు పెట్టుకుని కాకుల్ని పట్టి, కాళ్ళకి రింగులు వేసి వదిలేశారట. ఆ తర్వాత ఆ మాస్కు ఎవరు పెట్టుకుని నడిచినా కాకులు వెంటపడి తిట్టేవట, అప్పుడు పట్టుబడని కాకులు కూడా, అదీ ఏళ్ళ తరబడి. "వాటికి మొహాలు గుర్తుంటాయండీ. గుడ్లగూబని ఎత్తుకున్న మనిషిగా మీరు ఫిక్సయిపోయారు" అంది, అభినందిస్తున్నట్టు.

"ఏళ్ళ తరబడా?" అన్నాడు బాబాయి.

టోపీ పెట్టి చూశాడు, కాకులు ఒప్పుకోలేదు. గొడుగు వేసుకుంటే కాస్త నయం, కానీ ఎండా వానా లేని సాయంత్రం గొడుగేంటని దారినపోయేవాళ్ళందరికీ జవాబు చెప్పాలి, కాకుల సంగతి చెబితే నమ్మరు, చెప్పకపోతే ఇంకేదో అనుకుంటారు. చివరికి వాకింగ్ మానేస్తానన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు, ఆరోగ్యం పాడవుతుందంది. రోజూ తానే తోడొస్తానంది. ఇన్నేళ్ళలో పార్కుకి రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్న మనిషి!

ఇప్పుడు సాయంత్రాలు ఇలా ఉంటాయి. ముందు బాబాయి, ఆయన నెత్తి మీద కాకులు, ఆ అరుపులకి ఏమైందా అని పొదల్లోంచి బయటికొచ్చే చిన్నా చితకా పిట్టలు, పది అడుగుల వెనకగా బైనాక్యులర్స్‌తో పిన్ని, నోటుబుక్కు మోస్తూ నేను. మొన్న మందారం చెట్టు దగ్గర తోక నిక్కబొడుచుకుని, జానెడు కూడా లేని పిట్ట ఒకటి కొమ్మ చివరికొచ్చి బాబాయి మీద గొంతు చించుకుంది. ఆయన చెవులు మూసుకుని అడుగు వేగం పెంచాడు.

"ఏమండీ, కదలకండి!" అని పిన్ని వెనకనుంచి గుసగుసగా అరిచింది. "దర్జీ పిట్టండీ! ఇంకో రెండు నిమిషాలు ఆ గొడుగు మూసి అక్కడే నిలబడండి."