పాస్‌పోర్ట్ ఇచ్చినా ఇంపోర్టే

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో బాస్కెట్‌బాల్ ఆడటానికి బయటి దేశం నుంచి వచ్చినవాణ్ని ‘ఇంపోర్ట్’ అంటారు. పత్రికల్లో అదే మాట, టీవీలో అదే మాట, అభిమానుల నోటా అదే మాట. మనకు ఇంపోర్ట్ అంటే ఓడరేవులో దిగే సరుకు. అక్కడా అర్థం పెద్దగా మారదు. సరుకు దిగగానే తూకం వేస్తారు, ఆటగాడు దిగగానే ఎత్తు కొలుస్తారు.

ఎత్తు కొలవడమన్నది మాటవరసకు అన్నది కాదు. ఫిలిప్పీన్స్‌లో 1975లో మొదలైన ‘పీబీఏ’ ఆసియాలోనే మొట్టమొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. ఏడాదికి మూడు టోర్నీలు. ఫిలిప్పీన్ కప్‌లో విదేశీయుడికి చోటే లేదు. కమిషనర్స్ కప్, గవర్నర్స్ కప్‌లలో మామూలుగా జట్టుకు ఒక్కడు. గవర్నర్స్ కప్‌లో ఆ ఒక్కడు మరీ పొడుగ్గా ఉండకూడదు. 2016లో హద్దు ఆరడుగుల ఐదంగుళాలు. విమానం దిగినవాడు బూట్లు విప్పి గోడకు ఆనుకుని నిలబడితే కొలుస్తారు. పిసరు ఎక్కువైనా తిరుగు టికెట్టే. అందుకని మోకాళ్లు కాస్త వంచి, మెడ లోపలికి లాక్కుని పొట్టిగా కనిపించడానికి తంటాలు పడేవాళ్లూ ఉంటారు. చిన్నప్పుడు హాఫ్ టికెట్ కోసం బస్సులో మనల్ని వంగి కూర్చోమనేవారు కదా, అచ్చం అలాగే. కాకపోతే ఇక్కడ వంగేవాడికి పాతికేళ్లు దాటి ఉంటాయి, ఇంటి దగ్గర పిల్లలుంటారు.

2016 గవర్నర్స్ కప్‌లో బరంగాయ్ గినెబ్రా జట్టు తెచ్చుకున్న ఇంపోర్ట్ పాల్ హారిస్. మొదటి మ్యాచ్‌లోనే అతని చేతి బొటనవేలికి దెబ్బ తగిలింది. జట్టు అతను కోలుకునేదాకా ఆగలేదు, ఇంకొకణ్ని పిలిపించింది. అలా వచ్చినవాడే జస్టిన్ బ్రౌన్లీ. అమెరికాలో జార్జియా రాష్ట్రం, టిఫ్టన్ అనే చిన్న ఊరివాడు. న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్ యూనివర్సిటీ తరఫున ఆడాడు. అమెరికా అగ్ర లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2011లో అరవై పేర్లు చదివితే అందులో అతని పేరు లేదు. ఆ తర్వాత ఎన్‌బీఏకు కింది మెట్టైన డి-లీగ్‌లో కొన్నాళ్లు, విదేశాల్లో కొన్నాళ్లు. మనీలాకు వచ్చేనాటికి అతనెవరో అక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు.

అక్టోబర్ 19న మనీలాలోని అరనేటా కొలీజియంలో ఫైనల్ సిరీస్ ఆరో మ్యాచ్. ప్రత్యర్థి మెరాల్కో. (పీబీఏ జట్లకు ఊరి పేర్లుండవు, కంపెనీల పేర్లే. మెరాల్కో కరెంటు సరఫరా కంపెనీ, గినెబ్రా జిన్ను సీసా మీది పేరు.) స్కోరు 88-88. చివరి క్షణాల్లో బంతి బ్రౌన్లీ చేతికొచ్చింది. మూడు పాయింట్ల గీత బయటి నుంచి కొట్టాడు. బంతి రింగులో పడింది, ఆట ముగిసింది, 91-88. దేశంలో అందరికంటే ఎక్కువ అభిమానులున్న జట్టుకు ఎనిమిదేళ్ల తర్వాత టైటిల్ వచ్చింది.

ఇక్కడి నుంచి ఈ కథను అందరూ చెప్పే తీరు ఒకటుంది. అనామకుడు వచ్చాడు, జనం గుండెల్లో పెట్టుకున్నారు, అతనూ ఇంకెక్కడికీ పోకుండా ఏటా తిరిగొచ్చాడు, చివరికి దేశం అతనికి పౌరసత్వమిచ్చి రుణం తీర్చుకుంది. వినడానికి బాగుంటుంది, అబద్ధమూ కాదు. నాకు మాత్రం ఇది ప్రేమకథ కంటే కాంట్రాక్టు ఉద్యోగి కథలాగే కనిపిస్తుంది. అలా చూస్తేనే బ్రౌన్లీ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

విదేశీ లీగ్‌లలో తిరిగే ఆటగాడి బతుకు ఎక్కడైనా ఒకటే. క్లబ్బు ఫ్లాటిస్తుంది, కొన్నిచోట్ల కారిస్తుంది, విమానం టికెట్ కొంటుంది. రెండు మ్యాచ్‌లు ఓడితే ఆ ఫ్లాటు తాళాలు ఇంకొకడి చేతికి పోతాయి. జీతం ఎగ్గొట్టే క్లబ్బులు ఎంత మామూలంటే, ఆటగాళ్ల ఫిర్యాదుల కోసం అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2007లో ప్రత్యేకంగా ఒక ట్రిబ్యునల్ పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి తిరుగుళ్లు తిరిగి ఎన్‌బీఏకు చేరినవాళ్ల గురించే మనం వింటాం. పీజే టక్కర్ ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ చుట్టి 2012లో ఎన్‌బీఏ జట్టు ఫీనిక్స్‌కు వెళ్లాడు, 2021లో మిల్వాకీతో చాంపియన్ అయ్యాడు. చేరనివాళ్లను ‘పాపం, అందుకోలేకపోయాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. పదిహేనేళ్లు తన చేతిపనితో నాలుగు దేశాల్లో ఇల్లు గడుపుకున్నవాడు ఓడిపోయినట్టెలా అవుతుంది?

ఫిలిప్పీన్స్ జనానికి ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. లక్షలాదిగా విదేశాలకు పనికి వెళ్లే దేశం అది. దుబాయ్‌లోనో దోహాలోనో పనిచేసి వచ్చిన జగిత్యాల, నిజామాబాద్ మనిషిని అడగండి. హోటల్లో, ఆస్పత్రిలో, సూపర్‌మార్కెట్ కౌంటర్లో తనకు తగిలిన ఫిలిప్పీన్స్ వాళ్ల గురించి చెబుతాడు. అగ్రిమెంటు మళ్లీ రాస్తారో లేదోనన్న టెన్షన్, వీడియో కాల్‌లో పెరిగే పిల్లలు, ఇవన్నీ మనవాళ్లకూ వాళ్లకూ ఒకటే. అలాంటి దేశానికి ఒక అమెరికావాడు ఎదురు వచ్చాడు, బతుకుదెరువుకు. గినెబ్రా అభిమానులు అతన్ని అంతగా సొంతం చేసుకోవడానికి ఆ ఒక్క షాటే కారణం కాదని నా అనుమానం. పని కోసం పరాయి దేశం వెళ్లినవాడు తలొంచుకుని, గొడవ పడకుండా, చెప్పిన పని చేసుకుపోవడం ఎలా ఉంటుందో వాళ్ల ఇళ్లలో తెలుసు.

ఆ తర్వాత టైటిల్స్ వరుసకట్టాయి. 2023 జనవరిలో కమిషనర్స్ కప్ ఫైనల్ ఏడో మ్యాచ్‌కు ఫిలిప్పీన్ అరీనాలో 54,589 మంది కూర్చున్నారు. గినెబ్రా గెలిచింది, బ్రౌన్లీకి అది ఆరో టైటిల్. అదే నెలలో అతని ఒక్కడి కోసం పార్లమెంటు చేసిన పౌరసత్వ చట్టం మీద అధ్యక్షుడు మార్కోస్ సంతకం పెట్టాడు.

ఇది ప్రేమతోనే జరిగిందా? ఫిబా నిబంధన ప్రకారం జాతీయ జట్టులో అలా పౌరసత్వం పొందిన ఆటగాడు ఒక్కడే ఉండొచ్చు. ఆ ఒక్క సీటు కోసం ఫిలిప్పీన్స్ అంతకుముందే అమెరికా ఆటగాళ్లు మార్కస్ డౌథిట్‌కూ ఆండ్రే బ్లాష్‌కూ ఇలాగే పాస్‌పోర్టులిచ్చింది. సీటు ఖాళీ అయ్యేకొద్దీ మనుషులు మారారు. ఖర్చు దండగేమీ కాలేదు. ఆ ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో ఇరవై పాయింట్లు వెనకబడిన జట్టును బ్రౌన్లీ చివరి క్వార్టర్‌లో ఒంటిచేత్తో లాక్కొచ్చాడు, చైనా మీద 77-76. ఫైనల్లో జోర్డాన్ మీద 70-60. 1962 తర్వాత ఆసియా క్రీడల బాస్కెట్‌బాల్‌లో ఫిలిప్పీన్స్‌కు స్వర్ణం రావడం అదే మొదలు. తర్వాత డోప్ పరీక్షలో గంజాయి జాడ బయటపడి మూడు నెలల నిషేధం పడింది, పతకం మాత్రం నిలిచింది.

ఆ ఫైనల్‌ను ఒకసారి జాగ్రత్తగా చూడండి. జోర్డాన్ తరఫున ఆడిన రాండే హాలిస్-జెఫర్సన్ కూడా అమెరికావాడే, ఎన్‌బీఏలో ఆడి వచ్చినవాడే. అతని ఉద్యోగం కూడా మనీలాలోనే, పీబీఏలో టీఎన్‌టీ జట్టు ఇంపోర్ట్‌గా. ఆసియా స్వర్ణం కోసం పోటీపడిన రెండు దేశాల ప్రధాన ఆటగాళ్లిద్దరూ ఒకే ఊళ్లో పనిచేసే వలస కార్మికులన్నమాట. ఇందులో తప్పు పట్టాల్సింది వాళ్లను కాదు. ‘దేశం కోసం’ అని మైకులో అరిచేవాళ్లు ఈ ఏర్పాటును కూడా ఆ పేరుతోనే పిలవడమే నాకు మింగుడుపడదు.

ఇంకో తమాషా ఉంది. దేశ పౌరుడైనా, జాతీయ జెర్సీ వేసుకున్నా, పీబీఏ లెక్కలో బ్రౌన్లీ ఇప్పటికీ ఇంపోర్టే. స్థానిక ఆటగాళ్ల మధ్య జరిగే ఫిలిప్పీన్ కప్‌లో అతను ఆడకూడదు. లీగ్ బాధ నాకు అర్థమవుతుంది. అతన్ని స్థానికుడిగా లెక్కేస్తే గినెబ్రాకు ఇంకో విదేశీయుణ్ని తెచ్చుకునే వీలు దొరుకుతుంది, మిగతా జట్లు ఊరుకోవు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఒకే మనిషి ఏషియాడ్‌లో ఫిలిప్పినో, మనీలాలో పరాయివాడు అవుతున్నాడంటే, వాళ్లు అతనికిచ్చింది పౌరసత్వమా, ఇంకో రకం వర్క్ పర్మిటా?

2025 మార్చిలో కమిషనర్స్ కప్ ఫైనల్లో గినెబ్రా, టీఎన్‌టీ మళ్లీ తలపడ్డాయి. ఒక పక్క బ్రౌన్లీ, ఇంకో పక్క హాలిస్-జెఫర్సన్. సిరీస్ మధ్యలో బ్రౌన్లీ బొటనవేలికి దెబ్బ తగిలింది. తొమ్మిదేళ్ల కింద పాల్ హారిస్‌కు తగిలిన చోటే. ఈసారి ఎవరూ ఎయిర్‌పోర్టుకు కారు పంపలేదు. ఏడో మ్యాచ్‌లో ఆ వేలితోనే దిగాడు. టీఎన్‌టీ ఓవర్‌టైమ్‌లో గెలిచింది.