కెమెరా ఉన్నా ఆగని దోపిడీ

హైదరాబాద్ చందానగర్‌లోని ఒక నగల దుకాణంలోకి 2025 ఆగస్టులో ముసుగు ముఠా పట్టపగలు తుపాకులతో చొరబడి, సిబ్బందిపై కాల్పులు జరిపి, అందినకాడికి దోచుకుని పోయింది. ఆ దుకాణంలో నిఘా కెమెరాలు ఉన్నాయి. అదే ఏడాది జనవరిలో కర్ణాటకలోని బీదర్‌లో ఏటీఎం నగదు వాహనాన్ని దోచినవారు, ఆ రోజే మన అఫ్జల్‌గంజ్ రద్దీలో మళ్లీ తుపాకీ పేల్చారు. పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీలను, వ్యాపారులను కెమెరాల ఏర్పాటుకు ఒప్పించిన నగరం ఇది. 2022 ఆగస్టు నుంచి బంజారాహిల్స్‌లో కెమెరాల దృశ్యాలను ఒకచోట చూసే పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ కూడా ఉంది. దర్యాప్తులో ఈ ఫుటేజీ విలువను ఎవరూ కాదనలేరు. అయితే నేరం జరిగాక దొంగను గుర్తించడం వేరు, దొంగ గడప తొక్కకుండా చేయడం వేరు.

నలభై ఏళ్ల అధ్యయనాలను క్రోడీకరించి 2019లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష, కెమెరాలున్న చోట్ల నేరాలు సుమారు 13 శాతం తగ్గాయని తేల్చింది. ఆ ఫలితం పార్కింగ్ స్థలాల్లో ఎక్కువగా కనిపించింది. హింసాత్మక నేరాలపై చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. అవి ప్రధానంగా బహిరంగ స్థలాల లెక్కలు కాబట్టి దుకాణాలకు యథాతథంగా వర్తించవు గానీ, కారణం ఊహించడం కష్టం కాదు. బీరువా పక్కన చీర మడతలో ఇంకో చీర దాచుకునే చేతివాటం మనిషి, తనను గుర్తుపడతారని జంకుతాడు. ముఖానికి ముసుగేసి, కొట్టేసిన బైకుపై వచ్చి, చీకటి పడేలోగా కర్ణాటక సరిహద్దు దగ్గరి జహీరాబాద్ దాటవచ్చని లెక్క వేసుకున్నవాడికి ఆ జంకు ఉండదు.

పైగా మన దుకాణాల్లో చాలా కెమెరాలు గల్లా మీదికి, అంటే సొంత సిబ్బంది మీదికే తిప్పి ఉంటాయి. పైకప్పుకు బిగించిన కెమెరాకు దొంగ టోపీ తప్ప ముఖం చిక్కదు. ఫుటేజీని భద్రపరిచే పెట్టె (డీవీఆర్) కౌంటరు కిందే ఉంటే, వచ్చినవాడు నగలతోపాటు దాన్నీ పట్టుకుపోతాడు. దాని గడియారం తప్పు సమయం చూపిస్తే కోర్టులో డిఫెన్స్ న్యాయవాదికి అదే ఆయుధమవుతుంది. ఫుటేజీని కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం జతచేయడం మరో పని. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రత చర్యల చట్టం, ఒకేసారి వందమంది చేరే సంస్థలకు కెమెరాలను, 30 రోజుల ఫుటేజీని తప్పనిసరి చేసింది. గల్లీలోని తాకట్టు దుకాణం ఆ పరిధిలోకి రాదు.

వ్యాపారులు తలుపు దగ్గర ముఖం ఎత్తులో ఒక కెమెరా పెట్టి, రికార్డింగును వేరే గదిలో భద్రపరచాలి. దుకాణం తెరిచే, మూసే వేళల్లో బయట ఉంచే నగదును, బంగారాన్ని తగ్గించుకోవాలి. కౌంటరు కింది అలారం మీట నొక్కగానే స్థానిక ఠాణాకు కబురందే ఏర్పాటు, వచ్చే గస్తీ వాహనం దొంగను నిజంగా వెనకాడేలా చేస్తాయి. వాటి ఖర్చు మరో పది కెమెరాల బిల్లు కన్నా దండగ కాదు. కెమెరాల సంఖ్యను గొప్పగా చెప్పుకునే పోలీసు శాఖ, వాటిలో పనిచేస్తున్నవెన్నో, దుకాణ దోపిడీల్లో ఎన్నింటిని అవి ఛేదించాయో ఠాణాలవారీగా ప్రకటించాలి. తర్వాతి రూపాయిని ఎక్కడ పెట్టాలో అప్పుడు వ్యాపారులే తేల్చుకుంటారు.