సీసం లెక్క ఎవరి దగ్గర ఉంది?

2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరు వన్‌టౌన్ జనం ప్రభుత్వాసుపత్రికి పరుగులు తీశారు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కుప్పకూలడం, ఫిట్స్, నోట నురగ, కళ్లు తిరగడం. చిన్నా పెద్దా తేడా లేదు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా బాధితులయ్యారు, ఒకరు ప్రాణం విడిచారు. కరోనా కాదన్నారు, మెదడువాపు కాదన్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయన్న వార్తతో రాష్ట్రం ఉలిక్కిపడింది. తర్వాత నిపుణుల సంస్థల నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. ఊరు మెల్లగా కుదుటపడింది. టీవీ కెమెరాలు వెళ్లిపోయాయి.

ఆ వారం రోజుల గందరగోళంలో ఒక ప్రశ్న తప్పిపోయింది. ఏలూరు వాసుల రక్తంలో మామూలు రోజుల్లో సీసం ఎంత ఉంటుంది? ఇది తెలియనప్పుడు నమూనాల్లో కనిపించిన సీసం నిన్న చేరిందా, ఇరవై ఏళ్లుగా పేరుకుందా, ఫిట్స్‌కు అదే కారణమా, లేక ఎప్పటినుంచో ఒంట్లో ఉన్నది ఆ రోజు యాదృచ్ఛికంగా బయటపడిందా అన్నది తేల్చడం ఎవరి తరమూ కాదు. పోల్చి చూసుకోవడానికి పాత కొలత ఉండాలి. ఏలూరులో అది లేదు. విజయవాడలో లేదు, వరంగల్‌లో లేదు. పిల్లల రక్తంలో సీసాన్ని క్రమం తప్పకుండా కొలిచి రాసి ఉంచే ఏర్పాటు ఈ దేశంలోనే లేదు. ఈ లోపాన్ని సరిదిద్దమని అడగడానికే ఈ సంపాదకీయం.

కొలిచి ఉంచుకుంటే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లింట్ పట్టణం చూపించింది. ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో ఆ ఊరికి తాగునీటి వనరును మార్చారు. కొత్త నీరు పాత గొట్టాల్లోని సీసాన్ని కరిగించుకుని ఇళ్లలోకి తెచ్చింది. నీరు బాగానే ఉందని అధికారులు నెలల తరబడి బుకాయించారు. చివరికి మోనా హన్నా అటీషా అనే పిల్లల వైద్యురాలు ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. అక్కడ చిన్నపిల్లలకు సీసం పరీక్ష మామూలుగానే చేస్తారు కాబట్టి నీరు మారకముందు లెక్క, మారిన తర్వాత లెక్క రెండూ ఆమెకు దొరికాయి. సీసం ఎక్కువున్న పిల్లల శాతం దాదాపు రెట్టింపైనట్టు 2015 సెప్టెంబరులో ఆమె బయటపెట్టారు. ప్రభుత్వం దిగిరాక తప్పలేదు. ఆమె ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఆ రికార్డే లేకపోతే ఆ ధైర్యానికి ఆధారం ఉండేది కాదు. అంతే తెగువ ఉన్న డాక్టరమ్మ మన ఏలూరులో ఉన్నా ఆమె తిరగేయడానికి ఏ కాగితాలున్నాయి?

సీసం పాము కాటులా వెంటనే చంపే విషం కాదు, భయపడాల్సింది అందుకే. శరీరం దాన్ని కాల్షియం అని పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ చేరింది దశాబ్దాలు ఉండిపోతుంది. ఆడపిల్ల చిన్నప్పుడు మింగిన సీసం ఆమె గర్భవతి అయ్యాక ఎముకల నుంచి మళ్లీ రక్తంలోకి వచ్చి కడుపులోని బిడ్డకు చేరుతుంది. కడుపులోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్లు పీల్చుకునే వాటాకు నాలుగైదు రెట్లు పసిపిల్లలు పీల్చుకుంటారు. దానివల్ల తెలివితేటలు తగ్గుతాయి, ఏకాగ్రత చెదురుతుంది, పెద్దయ్యాక రక్తపోటు, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు వస్తాయి. దెబ్బతిన్న మెదడును తిరిగి బాగుచేసే మందు లేదు. ఇంత వరకైతే ఫర్వాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములకు చేరితే ఆ సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలన్నది ఆ సంస్థ 2021 మార్గదర్శకం.

యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో వేసిన అంచనా ప్రకారం ఆ గీత దాటిన పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల మంది, అందులో 27 కోట్ల మందికి పైగా భారతదేశంలోనే ఉన్నారు. అది అంచనా మాత్రమే, ఎందుకంటే మనం కొలవలేదు. తెలుగు రాష్ట్రాలకు దీనిమీద ఇంకో గండం ఉంది. రక్తహీనత ఉన్న పిల్లల పేగులు ఇనుము కోసం ఆవురావురుమంటూ దానితోపాటు సీసాన్నీ ఎక్కువగా లాక్కుంటాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. క్లాసులో వెనకబడిన పిల్లవాణ్ణి మొద్దబ్బాయి అని ముద్ర వేసే ముందు వాడి రక్తంలో ఏముందో చూడాలని ఎవరికీ తట్టకపోవడం మమ్మల్ని నిజంగా కలవరపెడుతోంది.

ఈ సీసం ఎక్కడి నుంచి వస్తోంది? పెద్ద దారి పాత బ్యాటరీలు. ఆటోలు, ట్రాక్టర్లు, ఇన్వర్టర్ల బ్యాటరీలు పాడయ్యాక కొంత భాగం లైసెన్సున్న కర్మాగారాలకు వెళ్తుంది. మిగతాది పాత సామాన్ల దుకాణం మీదుగా ఊరి చివర రేకుల షెడ్డుకు చేరుతుంది. అక్కడ గొడ్డలితో పగలగొట్టి, యాసిడ్‌ను నేల మీద పారబోసి, ప్లేట్లను బట్టీలో కరిగిస్తారు. పొగ చుట్టుపక్కల ఇళ్ల మీద, పొలాల మీద రాలుతుంది. పనివాళ్లు ఒంటి మీద దుమ్ముతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటారు. సెనెగల్‌లోని ధియారోయ్ సుర్ మేర్‌లో ఇలాంటి బ్యాటరీ పని వల్లే 2007 నవంబరు, 2008 మార్చి మధ్య 18 మంది పిల్లలు చనిపోయారు. పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదేనని మన దేశంలో 2022 నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. రేకుల షెడ్డు యజమాని లైసెన్సున్నవాడి కంటే ఎక్కువ ధర ఇవ్వగలిగినంత కాలం ఆ నిబంధన కాగితం దాటి రాదు. పొగను పట్టే యంత్రం, యాసిడ్ నేలలోకి ఇంకని గచ్చు, పనివాళ్ల వైద్యం వంటి ఖర్చులేవీ అతనికి లేవు మరి.

ఇక వంటిల్లు. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేది తగరంతో. తగరం ఖరీదు, సీసం చవక, కలిపితే కంటికి తేడా తెలియదు. చింతపండు పులుసు అందులో మరిగితే కలిసిన సీసం కూరలోకి దిగుతుంది. తుక్కు లోహం కరిగించి పోసిన చవక సిల్వర్ (అల్యూమినియం) గిన్నెల్లో సీసం ఉంటోందని విదేశాల్లో జరిగిన పరీక్షల్లో తేలింది. అసలు సింధూరం అనే పదార్థమే సీసపు ఆక్సైడు. బజారులో పొట్లాల్లో అమ్మే ఎర్రటి పొడిలో అది ఉందో లేదో చెప్పే చీటీ ఉండదు. ఆముదం దీపం మీద పట్టిన మసితో మన అమ్మమ్మలు చేసిన కాటుకలో సీసం ఉండదు, సీసపు రాయి నూరి చేసిన సుర్మాలో ఉంటుంది. గోడల రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. ఆ తర్వాత జరిగిన పరీక్షల్లోనూ చిన్న కంపెనీల రంగుల్లో అది గీత దాటింది.

పసుపు సంగతి మాత్రం కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎలా గెలవాలో పొరుగు దేశం చూపించింది. బంగ్లాదేశ్‌లో బ్యాటరీ కర్మాగారాలేవీ లేని పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం, ఢాకాలోని ఆరోగ్య పరిశోధనా సంస్థ ఐసీడీడీఆర్‌బీ పరిశోధకులు కూపీ లాగితే అది పసుపు దగ్గర తేలింది. 1980ల నాటి వరదల తర్వాత కొమ్ములు తడిసి రంగు మాసిపోవడంతో, పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే, సీసం ఉండే పసుపుపచ్చ రంగు పొడి చల్లడం మొదలైంది. ఒకసారి కొన్నవాళ్ల కంటికి ఆ మెరుపు అలవాటైపోయింది. 2019లో ఈ ఫలితాలు వెలువడ్డాక అక్కడి ఆహార భద్రతా సంస్థ పత్రికల్లో ప్రకటనలిచ్చింది, ఢాకా టోకు మార్కెట్లో చేత్తో పట్టుకుని లోహాన్ని కొలిచే యంత్రంతో దాడి చేసింది, కల్తీ పసుపు అమ్మినవాళ్లకు జరిమానా వేసింది. 2019లో 47 శాతం నమూనాల్లో సీసం ఉంటే 2021 నాటికి ఒక్కదాంట్లోనూ లేదు. అన్నీ కలిపి రెండేళ్లు పట్టింది, మన కంటే చిన్న దేశానికి.

పసుపు మనకు కూరలో వేసుకునే దినుసు మాత్రమే కాదు. గడపకు రాస్తాం, పసిబిడ్డ ఒంటికి పట్టిస్తాం, పేరంటానికి వచ్చిన ముత్తైదువ చేతిలో పెడతాం. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్ల పేరు దేశమంతా తెలుసు. 2025లో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు కూడా ఏర్పడింది. పసుపులో సీసం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటరాదని, లెడ్ క్రోమేట్ అసలే ఉండరాదని మన ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. రైతు కొమ్ములు ఉడకబెట్టి ఎండబెట్టి తెచ్చేదాకా అందులో రంగు పొడికి అవసరమే లేదు. పాలిష్ దగ్గర, పొడి కొట్టే దగ్గర ఏం జరుగుతోందో చూడాలి. ఆ చేతి యంత్రాన్ని యార్డులో పెట్టి, ప్రతి వారం ఫలితాలను గోడ మీద అంటిస్తే ముందుగా మేలు పొందేది నిజాయితీగా పండించిన రైతే.

నేల, నీటి కథ మరీ పాతది. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరా వైపు పారాయి. ఆ పొలాల్లో ఆర్సెనిక్ సహా భారలోహాలున్నాయని, కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం పేరుకున్నాయని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఏనాడో పరిశోధనా పత్రాల్లో రాశారు. పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగుల కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రైబ్యునల్‌కు మారింది. ఆ మధ్యలో ఒక తరం పిల్లలు పెద్దవాళ్లైపోయారు. మూసీ నీటితో పెరిగిన గడ్డి గేదెలకు, వాటి పాలు నగరానికి చేరుతూనే ఉన్నాయి. లోహం ప్లాస్టిక్‌లా కంటికి కనపడదు, మురుగులా వాసన రాదు, వానకు కొట్టుకుపోదు, ఎండకు చావదు. దేశంలో గుర్తించిన 103 కలుషిత స్థలాల్లో శుద్ధి పని మొదలైంది ఏడింటిలోనేనని, 2025లో వీటికోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చినప్పుడు వార్తలొచ్చాయి.

మన దేశానికి ఇది చేతకాని పని కాదు. 1990ల చివర్లో హైదరాబాద్ సహా పెద్ద నగరాల్లో జరిగిన సర్వేలో, 12 ఏళ్లలోపు పిల్లల్లో సగం మందికి పైగా రక్తంలో సీసం 10 మైక్రోగ్రాములు దాటినట్టు తేలింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. చమురు శుద్ధి కర్మాగారాలన్నీ మారాయి, బళ్లూ మారాయి, ఆకాశమేమీ ఊడిపడలేదు. ఆ విజయం తర్వాత మనం చేసిన తప్పు, ఇక సీసం పోయిందనుకుని కొలవడం మానేయడం.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఈ పత్రిక అడుగుతున్నది ఇదీ. అంగన్‌వాడీల్లో పిల్లల బరువు, ఎత్తు ఇప్పటికే రాస్తున్నారు. ఏడాది, రెండేళ్ల వయసులో ఒక్కోసారి వేలి కొసన రెండు చుక్కల రక్తం తీసి సీసం కూడా చూడండి. కొద్ది నిమిషాల్లో ఫలితమిచ్చే చిన్న యంత్రాలున్నాయి. ఎక్కువ వచ్చినవాళ్ల నమూనాను సరిచూడటానికి హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) ఉంది. తొలి ఏడాది అందరికీ చేయలేకపోతే బ్యాటరీలు కరిగించే బట్టీలున్న చోట్ల, పారిశ్రామికవాడల పక్కన, మూసీ ఒడ్డున మొదలుపెట్టండి. పేర్లు దాచండి, అంకెలు దాచవద్దు. మండలాల వారీగా ప్రతి ఏటా బయటపెట్టండి. ఏ బిడ్డ లెక్క 5 దాటితే ఆ ఇంటికి ఆరోగ్య సిబ్బందితోపాటు కాలుష్య నియంత్రణ మండలి మనిషి కూడా వెళ్లాలి. గిన్నె, పసుపు డబ్బా, గోడ రంగు, తండ్రి చేసే పని అన్నీ చూసి మూలం తేల్చాలి. తల్లిదండ్రుల మీద నేరం మోపడానికి కాదు, దాన్ని అక్కడే ఆపడానికి.

2020 డిసెంబరులో ఏలూరు ఆసుపత్రి మంచాల మీద పడుకున్న పిల్లలు ఇప్పుడు హైస్కూళ్లలో, కాలేజీల్లో ఉంటారు. ఆ ఊరి జనానికి ఇవ్వాల్సిన జవాబు ఇంకా బాకీ ఉంది. తొలి యంత్రాన్ని వన్‌టౌన్‌లోనే పెట్టాలి.