సవరణ: తుంటి ఆపరేషన్, మత్తు, అయోమయం

తుంటి విరిగిన పెద్దవాళ్లకి పూర్తి మత్తు ఇస్తే మతి చెడుతుంది, వెన్నులో ఇచ్చే ఇంజెక్షనే అడగండి అని మొన్న రాశాను, అది తప్పు. 2021లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు, ఒకటి అమెరికా, కెనడాల్లో 1600 మందితో, ఇంకోటి చైనాలో 950 మందితో చేసినవి, ఆపరేషన్ తర్వాత వచ్చే అయోమయంలో ఈ రెండు మత్తులకీ చెప్పుకోదగ్గ తేడా లేదనే తేల్చాయి. నా పోస్టు చూసి అమలాపురం వైపు ఒకాయన వాళ్ల నాన్నగారి ఆపరేషన్ వాయిదా వేద్దామా అని అడిగారు. వద్దండీ, వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే చేయించాలి, ఆలస్యమైతే ఇంకా చేటు.

ఆపరేషన్ తర్వాత వచ్చే ఈ అయోమయాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. పొద్దున బాగానే మాట్లాడిన మామ్మ రాత్రికి కాకినాడలో ఆస్పత్రి మంచం మీదుండి "కొబ్బరి దింపు వాళ్లొచ్చారు, కాయలు లెక్కపెట్టండ్రా" అంటుంది. గొడవ చేసేవాళ్లనే గమనిస్తాం గానీ ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్నవాళ్లకీ ఇదే ఉండొచ్చు. నొప్పి, ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, కొన్ని నిద్రమాత్రలు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు కాబట్టి నర్సుకి వెంటనే చెప్పండి. కళ్లజోడు, వినికిడి మిషన్ ఇంట్లో వదిలేసి రాకండి (మనవాళ్లు చెవి కమ్మలతో పాటు అవీ తీసి బీరువాలో పెట్టేస్తారు!).

ఇక జన్మంతా ఇంతే అని నేను అన్నట్టు కొందరు అనుకున్నారు, అనలేదు. చాలామందికి రోజుల్లో, వారాల్లో తగ్గుతుంది. ముందే మతిమరుపు ఉన్నవాళ్లకి మాత్రం ఎక్కువ కాలం పట్టొచ్చు. పాత పోస్టు వాట్సాప్‌లో పంపినవాళ్లు ఇదీ పంపండి.