ఛార్జర్ పెట్టాం కదా అని వదిలేస్తే ఎలా?

మా బల్లార్షాలో ఎవరి లాప్‌టాప్ చూసినా ఒకటే వరస. బ్యాటరీ మీద నడుస్తుంటే స్క్రీన్ వెలుతురు తగ్గిస్తారు, బ్యాటరీ సేవర్ పెడతారు, ఒక్కో శాతం లెక్కపెట్టుకుంటారు. ఛార్జర్ పెట్టారంటే ఇక అడ్డే లేదు. హై పెర్ఫార్మెన్స్, స్లీప్ నెవర్, రాత్రంతా 100 శాతం. కరెంటు మీదే నడుస్తోంది కదా, బ్యాటరీకి ఏమవుతుంది అంటారు. నన్నడిగితే మన దగ్గర బ్యాటరీలకు ముప్పు ఈ ప్లగ్ వాడకంతోనే.

లిథియం అయాన్ బ్యాటరీకి పడనివి రెండు: వేడి, నిండా ఛార్జై ఉండడం. సెల్ 4.2 వోల్టుల దాకా ఎక్కి అక్కడే ఉండిపోతే లోపలి రసాయనాలు మెల్లగా పాడవుతాయి. వేడి తోడైతే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. బ్యాటరీల గురించి చెప్పే బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్ పట్టిక ప్రకారం 25 డిగ్రీల దగ్గర, 40 శాతం ఛార్జితో ఏడాది పక్కన పెడితే సామర్థ్యం 96 శాతం మిగులుతుంది. అదే 40 డిగ్రీల్లో 100 శాతం ఛార్జితో పెడితే మిగిలేది 65. మా చంద్రపూర్ జిల్లాలో మే నెలంటే బయట 45 దాటడం మామూలే. లాప్‌టాప్ లోపల సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే ఛార్జింగ్‌ను 80 దగ్గర ఆపే సదుపాయం వాడండి. చాలా లాప్‌టాప్‌లలో ఇది విండోస్ సెట్టింగ్స్‌లో దొరకదు, కంపెనీ ఇచ్చిన యాప్‌లోనో, మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లోనో ఉంటుంది. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అంటారు, డెల్‌లో ప్రైమరిలీ ఏసీ యూజ్ అంటారు.

ఇక్కడే అందరూ మీద పడతారు. "అన్నా, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, 80తో ఏం చేయాలి?" నిజమే. పక్కనే 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్నా, గాలిదుమారం లేచిందంటే మన గల్లీలో కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు. అయినా నా ఓటు 80కే. రెండేళ్లు 100లో ఉడికి సామర్థ్యం సగానికి పడిపోయిన బ్యాటరీ కంటే, ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీలో 80 శాతమే ఎక్కువసేపు వస్తుంది. రేపు లైను పని ఉంది, పొద్దంతా కరెంటు ఉండదని ముందే తెలిస్తే ఆ రాత్రికి 100 చేసుకోండి, ఎవరు వద్దన్నారు? మీ బ్యాటరీలో ఎంత మిగిలిందో చూడాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషులో (powercfg /batteryreport) కొట్టండి. వచ్చే రిపోర్టులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో ఉండాల్సినది) పక్కన ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) పెట్టి చూసుకుంటే తెలిసిపోతుంది.

ఎండాకాలంలో హై పెర్ఫార్మెన్స్ కూడా నాకు అర్థం కాని సరదా. ఎక్సెల్ షీటుకీ యూట్యూబుకీ అంత వేగం దేనికి? కూలర్ ఆగిపోయిన గదిలో ఫ్యాన్ పీల్చేది కూడా వేడిగాలే. ప్లగ్ పెట్టి ఉన్నా బ్యాలెన్స్‌డ్ చాలు. పాత పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ కనిపిస్తే దాన్ని 99 చేయండి. చాలా ఇంటెల్ మెషీన్లలో టర్బో, అంటే ప్రాసెసర్ అదనపు వేగం, ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. గేములు ఆడేవాళ్లు ఈ ముక్క వదిలేయండి.

బ్యాటరీ వైపు మాత్రం మనవాళ్లది అతి పొదుపు. స్లీప్ మూడు నిమిషాలకు పెట్టుకుంటారు. ప్రభుత్వ సేవల సేతు కేంద్రంలో పిల్లాడి అడ్మిషన్ ఫారం నింపుతుంటారు, కరెంటు పోతుంది, మెషీన్ బ్యాటరీ లెక్కలోకి మారుతుంది, ఫోన్‌లో ఓటీపీ కోసం చూసేలోపు నిద్రపోతుంది. లేపేసరికి సెషన్ ఎగిరిపోయి ఉంటుంది. పని చేసేవాళ్లు అక్కడ పదిహేను నిమిషాలు పెట్టుకోండి, వెలుతురు తగ్గిస్తే ఆ నష్టం చాలావరకు పూడుతుంది. పాత బ్యాటరీ అయితే, మెషీన్ తనంతట తాను ఆగే హద్దు, అంటే క్రిటికల్ లెవెల్‌ను కూడా పెంచండి. మామూలుగా అది 5 శాతం దగ్గర ఉంటుంది, ముసలి బ్యాటరీలు 12 చూపిస్తూనే టక్కున ఆరిపోతాయి. 15 పెట్టి, దాని చర్య హైబర్నేట్ అని ఉంచితే మెషీన్ పూర్తిగా ఆగిపోయినా తెరిచిన ఫైళ్లు డిస్కులో భద్రంగా ఉంటాయి.

ఇక మూత సంగతి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు మూత మూస్తే స్లీప్ కాదు, హైబర్నేట్ కావాలి. ఇప్పటి లాప్‌టాప్‌లు చాలావాటిలో స్లీప్ అంటే సగం మెలకువే. బల్లార్షాలో రైలెక్కి కాజీపేటలో దిగేలోపు బ్యాగులో అది అప్పుడప్పుడు లేచి వేడెక్కుతూ ఉండొచ్చు. హైబర్నేట్ మెనూలో కనిపించకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ బటన్ల సెట్టింగ్స్‌కి వెళ్లి టిక్ పెట్టాలి. అంత పనికొచ్చేదాన్ని అంత లోపల ఎందుకు దాచారో ఆ విండోస్ వాళ్లకే తెలియాలి.