బడి కంప్యూటర్ ల్యాబు: ‘ఒక్కసారి ఖర్చు’ అన్నది ఎందుకు తప్పు?

వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది: “ప్రభుత్వం ప్రతి హైస్కూలుకూ పది కంప్యూటర్లు కొనిస్తే చాలు. ఒక్కసారి ఖర్చు, పదేళ్లు నిశ్చింత. పాఠాలన్నీ నెట్‌లోనే ఉన్నాయి, వేరే టీచరు కూడా అక్కర్లేదు.” మూడు ముక్కల్లో ఒక్కటీ నిలబడదు.

ఒక్కసారి ఖర్చా? బడులకు కేంద్రం నిధులిచ్చే పథకం సమగ్ర శిక్ష లెక్కే చూడండి. బడిలో ఐసీటీ (కంప్యూటర్) ల్యాబు పెట్టడానికి గరిష్ఠంగా 6.40 లక్షల రూపాయలు. నడపడానికి ఏటా 2.40 లక్షల దాకా, ఐదేళ్లు. అంటే 12 లక్షలు, కొన్నదానికి దాదాపు రెట్టింపు. ప్రారంభోత్సవానికి ఫొటోలు దిగుతారు, కరెంటు బిల్లు కట్టేటప్పుడు దిగరు. అందుకే ఈ రెండో అంకె ఎవరి నోటా వినబడదు.

పదేళ్లు నిశ్చింతా? ముందు పోయేది కంప్యూటర్ కాదు, కరెంటు పోయినప్పుడు దాన్ని కాసేపు ఆదుకునే యూపీఎస్‌లోని బ్యాటరీ. చిన్న యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది. వేసవి సెలవులంతా చార్జింగ్ లేకుండా వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. జూన్‌లో బడి తెరిచాక ఎంతసేపు పెట్టినా చార్జింగ్ నిలవదు. సెలవుల్లో నెలకోసారైనా ఓ పూట ప్లగ్గులో పెట్టించాలి. ల్యాబు తాళం ఎవరి దగ్గరుందన్నది వేరే సంగతి.

తర్వాత మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. అది అయిపోతే కరెంటు తీసి పెట్టినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే సైట్ల భద్రతా సర్టిఫికెట్లను బ్రౌజర్ ఒప్పుకోదు, పేజీ తెరుచుకోదు. బడివాళ్లు ‘నెట్ రావట్లేదు’ అని ఫిర్యాదు రాస్తారు. నెట్ మనిషి వచ్చి లైన్ బాగానే ఉందని చెప్పి వెళ్తాడు. కొన్ని పదుల రూపాయల బిళ్ల కోసం యంత్రం మూలన పడుతుంది. చేయాల్సిందల్లా తెర మీద గడియారం చూసి, బిళ్ల మార్చి, తేదీ సరిచేయడమే.

టీచరు అక్కర్లేదా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 హైస్కూళ్లలో బూట్ పద్ధతిలో ల్యాబులు పెట్టారు. అంటే ప్రైవేటు సంస్థలే ల్యాబు పెట్టి, ఐదేళ్లు నడిపి బడికి అప్పగించాలి. 2013లో గడువు తీరింది, ఆ సంస్థలు పెట్టిన బోధకులూ వెళ్లిపోయారు. యంత్రాలు మిగిలాయి, చెప్పేవాళ్లు మిగల్లేదు.

మనిషి ఎందుకంటారా? 40 మంది పిల్లలు, 10 కంప్యూటర్లు. ఒక్కోదానికి నలుగురు. 45 నిమిషాల పీరియడ్‌లో ఆన్ చేసి లాగిన్ అయ్యేసరికి ఐదు నిమిషాలు పోతే, ఒక్కొక్కరికి మౌస్ దక్కేది పది నిమిషాలే. వంతులు వేసేవాళ్లు లేకపోతే ఆ పది నిమిషాలూ చురుకైన ఒక్క పిల్లాడికే పోతాయి.

కేరళ దారి వేరు. 2001లో ఐటీ@స్కూల్ అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచీ బడి టీచర్లకే శిక్షణ ఇస్తూ వచ్చింది, ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారింది. 2017లో దాన్ని కైట్ అనే సంస్థగా మార్చింది. 2018లో లిటిల్ కైట్స్ క్లబ్బులతో పిల్లలనూ నిర్వహణలోకి తెచ్చింది.

మీ బడికి ల్యాబు వస్తోందంటే యాజమాన్య కమిటీలో ముందు ఒప్పందం కాగితం అడగండి. వారంటీ సరుకు దిగిన రోజు నుంచా, బిగించిన రోజు నుంచా? సరుకు దిగిన నాటి నుంచైతే అట్టపెట్టెల్లో పడున్న నెలలన్నీ వారంటీలోంచే పోతాయి. యూపీఎస్ బ్యాటరీకి అది వర్తిస్తుందా? వర్తించకపోవచ్చు.