ఉట్టికి ఏలాడిన చిల్లంగి

(కార్తీకమాసం. బొబ్బిలి దగ్గర ఒక పల్లె. స్వర్ణ వరి పండుబారింది, ఆకాశం మబ్బేసుకుని ఉంది. సింహాచలం చెరువు నుంచి తడిబట్టలతో వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. పైడమ్మ ఖాళీ ఉట్టి కింద నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.)

పైడమ్మ: ఏటయ్యా, ఉట్టికి ఏలాడదీసిన మూటేదీ?

సింహాచలం: దాని పేరెత్తకే! మూడు మునకలేసి వొచ్చినాను. నువ్వు గానీ ముట్టుకున్నావేటి?

పైడమ్మ: ముట్టుకోకుండా ముడెలా ఏస్తారు?

సింహాచలం: ముడేసినోడెవడో నాకు తెల్సులే. పక్క మడి అప్పన్న. గెట్టు తగువు మనసులో ఎట్టుకుని మనింట్లోన చిల్లంగి ఎట్టీసినాడు.

పైడమ్మ: చిల్లంగా? చేతబడా?

సింహాచలం: తెల్లారగట్ల పాలు తియ్యడానికి లేచినాను. సీకట్లో ఉట్టికి తెల్లమూట ఏలాడతంది. ఎర్రతాడుతో మూడు ముడులు. కిందన బేసిను. బేసిను సుట్టూ పసుపుతో గీత. సుక్కా సుక్కా కారతంది. గూట్లో చూద్దును గదా, గాజుగొట్టంలో రగతం! ఇంకేటి గావాల?

పైడమ్మ: ఆ గీత చీమలకి గీసినాను. ఎర్రతాడు నా లంగా బొందు. గాజుగొట్టం మన గుంట గరివిడి పశువుల డాట్రీ కాలేజీ నుంచి వొచ్చినప్పుడు తెచ్చిన థర్మామీటరు.

సింహాచలం: గుంటక్కూడా ఇందులో వాటా ఉందా?

పైడమ్మ: అది చీజయ్యా, చీజు! మొన్న దసరాకి వొచ్చినప్పుడు గుంట నేర్పింది. నిన్న పొద్దున్న మొదలెడితే రాత్రికి మూట కట్టినాను. ఎక్కడ పడీసినావు?

సింహాచలం: నువ్వు నా భయం తీరాలని అలాగంటన్నావు. మరి గేదె పాలెందుకు తగ్గినాయి? రెండు పూటలనుండి కేంద్రంలో పోసింది 2 లీటర్లే.

పైడమ్మ: మిగిలిన 6 లీటర్లూ మూటలో ఉన్నాయి కాబట్టి!

సింహాచలం: గాబులో పచ్చనీల్లో? గేదె తాగబోతంటే గాబు బోర్లించీసినాను.

పైడమ్మ: ఓలమ్మో! అది చీజు తేరిన నీల్లయ్యా. నాలుగు లీటర్ల పైమాటే. గేదెకి ఒక్కసారే బిందెడు పోస్తే పొట్టుబ్బుతాదని, కొంచెం తౌడులో కలిపి, మిగతాది రేపటికి దాసినాను. అదీ పోయిందా?

సింహాచలం: పోయింది. గాబుకి ముగ్గుసున్నం కూడా కొట్టీసినాను.

పైడమ్మ: పండక్కి కొట్టమంటే నడుంనొప్పన్నావు.

(పాయింటు పైడమ్మదే. అయినా సింహాచలం ఒప్పుకునే రకం కాదు.)

సింహాచలం: నాకు జున్ను తెలీదేటే? గేదె ఈనిన దినం ముర్రుపాలు తీసి, ఒక వొంతుకి మూడొంతులు మామూలు పాలు పోసి, బెల్లం, మిరియాలేసి ఆవిరి మీదెడితే గట్టిపడతాది. దానికి మూటలెందుకు?

పైడమ్మ: అది జున్ను, ఇది చీజు. ముర్రుపాలు వేడికే గడ్డకడతాయి. దీనికి ముర్రుపాలు పనికిరావు. ఈని 10 దినాలు దాటాల. మన గేదె ఈని పదారు దినాలు.

సింహాచలం: మరి మామూలు పాలు ఏడి సేస్తే పొంగుతాయి గానీ గట్టిపడతాయేటి?

పైడమ్మ: పొంగిస్తే చీజు సరిగ్గా గట్టిపడదు. అందుకే ఆ గొట్టం. 63 డిగ్రీలకి తెచ్చి అరగంట అక్కడే ఉంచాల. దింపి, 34కి సల్లార్చి, గ్లాసుడు మజ్జిగేసి, గంటాగి, మందు 30 సుక్కలు.

సింహాచలం: మందెట్టినావా! అదిగో!

పైడమ్మ: పాలకి! రెన్నెట్టంటారు. కాచి సల్లార్చిన నీల్లలో కలిపి పొయ్యాల. పంచాయతీ కొళాయినీరు నేరుగా పోస్తే బ్లీచింగు ఆ మందుని సంపేస్తాది. పోసి ఓ నిముషం తిప్పి, ముప్పావుగంట గిన్ని కదపకూడదు. గేదెపాలల్లో సున్నం ఎక్కువ, తొరగా కడతాది.

సింహాచలం: ఆ మందు దేంతో సేస్తారో నాకు తెలుసు. దూడ పొట్టలోంచి! అప్పుడు ఫోనులో గుంట సెప్పింది, నాను ఇన్నాను. కార్తీకమాసంలోన నట్టింట దూడ పొట్టా?

పైడమ్మ: పూర్వం అలాగే సేసేవోరంట. ఇది బూజులోంచి తీసింది. సీసా మీద ఆకుపచ్చ సుక్క ఉంది, కళ్లజోడెట్టుకుని సూడు.

సింహాచలం: దూడని తప్పించి బూజు తెచ్చినావా? బతికిపోయేను.

పైడమ్మ: నువ్వు తినే పచ్చడి జాడీ మూత ఎత్తి సూడు, అప్పుడు బూజు మాట్లాడు.

సింహాచలం: సరే. అయినా గట్టిపడినదాన్ని మూట కట్టడమేటి?

పైడమ్మ: కట్టిన పెరుగులో కత్తి దించి ఎత్తితే సీలిక నున్నగా ఉండాల, సందులో నీరు తేలాల. అప్పుడు ఏలి గోరంత ముక్కలు కొయ్యాల. పది నిముషాలుంచి, సన్నసెగ మీద 38కి తెస్తా అరగంట తిప్పాల. తొందరపడి ఏడి పెంచితే పైన తోలు కట్టీసి లోపల నీరుండిపోతాది, పులిసిపోతాది. వడగట్టి, కిలోకి 20 గ్రాములు ఉప్పు కలిపి, శుభ్రంగా ఉడకబెట్టిన పంచెలో మూట కట్టినాను.

సింహాచలం: ఏ పంచె?

పైడమ్మ: …

సింహాచలం: పైడీ, ఏ పంచె?

పైడమ్మ: సిరిమానోత్సవానికి కొన్న జరీ పంచె. నేత పల్చగా ఉంది, నీరు బాగా దిగుతాదని.

సింహాచలం: ఒక్కసారే కట్టినానే దాన్ని! పైడితల్లమ్మ సాచ్చిగా!

పైడమ్మ: నాను కట్టింది మూట, పాతేసింది నువ్వు. ఇద్దరం సగం సగం.

సింహాచలం: పాతీసినానని నీకెవుడు సెప్పినాడు?

పైడమ్మ: ముక్కుకంటిన మట్టి సెప్పింది. ఎక్కడ పాతీసినావు?

సింహాచలం: దోటీ కొసన తగిలించుకుని, ముట్టుకోకుండా, గెట్టు మీద తాటిసెట్టు కాడ. దాని మీద ఏపాకులు. మంత్రాలోడికి ఐదొందలు, కోడిపెట్ట కూడా ఇచ్చి ఆడిచేత దిగ్బంధనం ఏయించీసినాను. ఎనక్కి సూడకుండా వొచ్చీమన్నాడు. సూడనేదు.

పైడమ్మ: కోడిపెట్టా? ఏది? గుడ్లెట్టే నల్లదా?

సింహాచలం: నల్లదే కావాలన్నాడు.

పైడమ్మ: ఆడికి రుచి తెలుసు. నన్ను లేపీసి అడిగితే ఏం పోయింది?

సింహాచలం: లేపితే నువ్వు వొచ్చి ముట్టుకుంటావు. నీకు తగిల్తే?

పైడమ్మ: నీకు తగిలితే పరవానేదా?

సింహాచలం: నాకెప్పుడో తగిలింది. పెళ్లయి ముప్పయ్యారేళ్లు.

(పైడమ్మ ఆ మాటకి జవాబు చెప్పలేదు. దండెం మీద పొడితువ్వాలు తీసి అతని తల మీద విసిరేసింది.)

పైడమ్మ: తుడుసుకో. జలుబు సేస్తే పాలెవుడు తీస్తాడు? నువ్వు పిండకపోతే గేదె తన్నీస్తాది. ముందు అప్పన్న ఇంటికెల్లి, పొరపాటైందని సెప్పు. ఆ మడిసిని ఏటన్నావో ఏటో.

సింహాచలం: ఏటీ అననేదు. ఆడి గుమ్మం కాడ నిలబడి, ‘నువ్వు రాత్రి సేసిన పని నాకు తెలిసిపోయింది రా’ అన్నాను. అంతే. గజగజ వొణికీసినాడు.

పైడమ్మ: పాపం, ఆడేం సేసినాడు!

సింహాచలం: జానెడే జరిపినానన్నాడు.

పైడమ్మ: ఏటీ?

సింహాచలం: గెట్టురాయి. దసరా ముందు రాత్రి జానెడు జరిపీసినాడంట. కాళ్లు పట్టుకున్నాడు. రాయి మళ్లీ పాతచోటుకి తెచ్చి ఎడతానన్నాడు. ఎట్టీసినాడు కూడాను.

(పైడమ్మ చాపమీద కూర్చుని వేళ్లతో లెక్కలేసుకుంది. గెట్టు పొడుగు ఎంత, జానెడు వెడల్పున ఎన్ని గజాలొస్తాయి, మూటలో కిలో చీజుకి గజం ఎంత పడింది. ఈ లెక్కలో కోడిపెట్టని వదల్లేదు.)

పైడమ్మ: అప్పన్నకి చీజని సెప్పకు.

సింహాచలం: ఇప్పుడే పొరపాటైందని సెప్పమన్నావు!

పైడమ్మ: చిల్లంగే అని ఉంచు. అటుపక్క మడోడు కూడా మూరెడు మింగినాడని నీకు తెల్సు గదా. మళ్లీ నెలకి పాలు దాస్తాను.

సింహాచలం: మరి ఈ మూట?

పైడమ్మ: పారెత్తుకో. దిగ్బంధనం ఇప్పేసి తియ్యాల. మట్టంటిన పైపొర బొటనవేలి మందాన కోసి కోళ్లకెయ్యి. మిగతాది ఉప్పునీట్లో ముంచి, తుడిసి, ఫ్రిజ్జులో ఎడదాం. మనూరి ఎండకి అటకమీదెడితే నిలవుండదు, వారంలో తినీయాల.

సింహాచలం: మట్టిలో పాతిన దాన్ని తింటామేటే?

పైడమ్మ: దుంపలు తినట్లేదేటి? పద. పంచె మాత్రం నువ్వే ఉతుక్కో.